4 టీబీ డిస్క్ 465 జీబీ అని చూపిస్తోంది, ఎఫ్‌డిస్క్‌లో మళ్లీ పార్టిషన్ చేస్తే డేటా ఉంటుందా పోతుందా?

స్టూడియో_హన్మకొండ:

అన్నలూ, పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మాది హన్మకొండలో చిన్న ఫొటో స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, బతుకమ్మ, ఏది దొరికితే అది తీస్తాం. తీసిందంతా ఒక 4 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో వేసుకుంటాం, 2024 మేడారం జాతర ఫుటేజీ కూడా అందులోనే ఉంది. పోయిన వారం ఎడిటింగ్ నడుస్తుంటే ఎవరో కేబుల్‌కి కాలు తగిలించారు (మా బామ్మర్దే, వాడు ఒప్పుకోడు), డిస్క్ కింద పడలేదు కానీ వెనకాల యూఎస్‌బీ పోర్ట్ ఊడి లోపలికి పోయింది. చౌరస్తా దగ్గర ఒక షాపులో చూపిస్తే ఇది ఇక్కడ కాదు, హైదరాబాద్ పంపాలి, డేటా రికవరీ అంటే ముప్పై వేల నుంచి మొదలు అన్నాడు.

యూట్యూబ్ చూసి నేనే డబ్బా విప్పాను. లోపల మామూలు సాటా డిస్కే ఉంది. తీసి నేరుగా కంప్యూటర్ కేబినెట్‌లో పెట్టి సాటా కేబుల్, పవర్ ఇచ్చాను. ఉబుంటు లినక్స్‌లో డిస్క్ కనిపించింది, సైజ్ 3.6 టీ అని కరెక్టుగానే ఉంది (4 టీబీ అంటే కంప్యూటర్ లెక్కలో అంతే). పార్టిషన్ మాత్రం 465.8 జీ అంటోంది! మౌంట్ చేయబోతే, అంటే ఫైళ్లు చూడ్డానికి తెరవబోతే, రాంగ్ ఎఫ్ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్, బ్యాడ్ సూపర్‌బ్లాక్ అని ఒకే పాట. నాకు ఫైనల్ కట్, రెండరింగ్ తెలుసు కానీ పార్టిషన్లు పెద్దగా తెలియవు. ఎఫ్‌డిస్క్‌లో పాత పార్టిషన్ డిలీట్ చేసి మొత్తం డిస్క్‌కి కొత్తది చేస్తే సరిపోతుందని ఒక దగ్గర చదివాను, అది చేస్తే లోపల ఉన్నది పోతుందా? ఒక పెళ్లివాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు, వాళ్ల తలంబ్రాలు కూడా ఇందులోనే ఉన్నాయి. బ్యాకప్ ఉందా అని మాత్రం అడగకండి, ఉంటే ఇక్కడికెందుకు వస్తాను.

నయీంనగర్_గేమర్:

బ్రో సింపుల్, విండోస్‌లో డిస్క్‌పార్ట్ ఓపెన్ చెయ్, లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్, తర్వాత క్లీన్, తర్వాత కన్వర్ట్ జీపీటీ. నాకు కూడా 4 టీబీ డిస్క్ సగమే చూపించేది, ఇట్ల చేస్తే మొత్తం వచ్చింది. ఐదు నిమిషాల పని.

పాతచింతకాయ:

తమ్మీ స్టూడియో, పైన చెప్పింది చేయకు. గేమర్ తమ్ముడూ, నీది ఖాళీ డిస్క్, అందుకే నీకు ఐదు నిమిషాల పని. క్లీన్ అంటే పార్టిషన్ టేబుల్ తుడిచేయడం, అది కొట్టాక లోపల ఏముందో ఎక్కడ మొదలవుతుందో చెప్పే కాగితం ఉండదు. క్లీన్ ఆల్ అయితే ఇంకా ఘోరం, డిస్క్ అంతా సున్నాలే.

ముందు రెండు కమాండ్ల ఔట్‌పుట్ పెట్టు, రెండూ చదవడమే తప్ప ఏమీ రాయవు. ఒకటి సుడో ఎఫ్‌డిస్క్ హైఫన్ ఎల్, పక్కన నీ డిస్క్ పేరు. రెండోది ఎల్ఎస్‌బీఎల్‌కే, అందులో సైజ్, మోడల్, సీరియల్ వచ్చేలా. ఏ డిస్క్ ఎస్‌డీఏ, ఏది ఎస్‌డీబీ అన్నది సీరియల్ నంబర్‌తో సరిపోల్చి కాగితం మీద రాసుకో. రీబూట్ అయితే ఈ పేర్లు తారుమారు కావచ్చు, నా ఎక్స్‌పీరియెన్స్‌తో చెప్తున్నా.

స్టూడియో_హన్మకొండ:

థ్యాంక్స్ అన్నా, ఇంకా ఏమీ ముట్టుకోలేదు. ఫోన్లో తెలుగు కీబోర్డుతో కొడుతున్నా, ఔట్‌పుట్ కూడా తెలుగులోనే రాస్తున్నా. ఎస్‌డీబీ, మొత్తం సెక్టార్లు 7814037168. లాజికల్ సెక్టార్ 512 బైట్లు, ఫిజికల్ 4096. డిస్క్‌లేబుల్ టైప్ డాస్. ఎస్‌డీబీ1: స్టార్ట్ 256, ఎండ్ 976754431, సెక్టార్లు 976754176, సైజ్ 465.8 జీ, టైప్ 83 లినక్స్. కొన్నప్పుడు ఉబుంటులోనే జీపార్టెడ్ పెట్టి ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్‌సిస్టమ్) ఫార్మాట్ చేసుకున్నా, అడిగినవాటికి నెక్స్ట్ నెక్స్ట్ కొట్టినట్టు గుర్తు.

పాతచింతకాయ:

256 దగ్గర మొదలైందా! దొరికింది. తమ్మీ, నీ డేటా ఎటూ పోలేదు, కాగితాన్ని తప్పు కొలతతో చదువుతున్నాం అంతే.

పార్టిషన్ టేబుల్‌లో ఉండేవి నంబర్లు మాత్రమే: ఫలానా సెక్టార్ దగ్గర మొదలు, ఇన్ని సెక్టార్ల పొడవు. సెక్టార్ అంటే ఎన్ని బైట్లో ఆ పాత డాస్ టేబుల్‌లో ఎక్కడా రాసి ఉండదు. పాసుబుక్కులో ఉత్త 4 అని రాసి వదిలేస్తే నాలుగెకరాలా నాలుగు గుంటలా? భూమి ఉన్నచోటే ఉంటుంది, చదివేవాడు గుంటలనుకుంటే నలభయ్యో వంతే కనిపిస్తుంది. నీ దగ్గర ఎనిమిదో వంతు కనిపిస్తోంది. 465.8ని ఎనిమిదితో గుణించి చూడు, 3726 జీబీ వస్తుంది, అంటే 3.6 టీబీ. డిస్క్ మొత్తం అదే కదా.

ఎందుకిలా అంటే, డాస్ టేబుల్‌లో సెక్టార్ నంబర్‌కి 32 బిట్లే చోటు. అంటే 429 కోట్ల సెక్టార్లు దాటి లెక్కపెట్టలేదు. సెక్టార్ 512 బైట్లయితే 2.2 టీబీ దగ్గర ఆగిపోతుంది. ఇంత పెద్ద డిస్కులు కొత్తగా వచ్చిన రోజుల్లో విండోస్ ఎక్స్‌పీ వాడేవాళ్లు ఇంకా బోలెడు, దాని 32 బిట్ వెర్షన్‌కి జీపీటీ డిస్క్, అంటే ఈ హద్దు లేని కొత్త రకం టేబుల్ ఉన్న డిస్క్, అసలు అర్థం కాదు. మరి 3 టీబీ, 4 టీబీ డబ్బాలు అమ్మేదెట్లా? అందుకని కొన్ని ఎక్స్‌టర్నల్ డబ్బాల్లో ఉండే యూఎస్‌బీ బోర్డు ఒక ఉపాయం చేస్తుంది: లోపలి డిస్క్ 512 సెక్టార్లని చెప్తుంటే, ఇది ఎనిమిదింటిని ఒకటిగా కట్టి కంప్యూటర్‌కి 4096 అని చెప్తుంది. అప్పుడు అదే 32 బిట్లతో 17 టీబీ దాకా వెళ్లొచ్చు. నువ్వు ఫార్మాట్ చేసింది ఆ బోర్డు మాట విని. ఇప్పుడు బోర్డు లేదు, సాటాలో డిస్క్ తన అసలు మాట చెప్తోంది. 256ను 4096తో గుణిస్తే సరిగ్గా 1 ఎంబీ, అక్కడ నీ ఫైల్‌సిస్టమ్ మొదలైంది. 512తో గుణిస్తే 128 కేబీ, అక్కడ ఏమీ లేదు, అందుకే మౌంట్ కావట్లేదు.

ఇంకో మాట, కొన్ని డబ్బాల్లో ఆ బోర్డే డేటాని ఎన్‌క్రిప్ట్ కూడా చేస్తుంది, పాస్‌వర్డ్ పెట్టకపోయినా సరే. నీది అలాంటిది కాకూడదని దండం పెట్టుకుని ఈ పరీక్ష చెయ్. ఇది కూడా చదవడమే.

సుడో లోసెటప్ (ఎల్, ఓ, తర్వాత సెటప్, మధ్యలో గ్యాప్ లేదు), హైఫన్ ఆర్, హైఫన్ ఎఫ్, పెద్ద అక్షరం పీతో హైఫన్ పీ, హైఫన్ బీ 4096, రెండు హైఫన్లు షో, చివర స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీబీ. ఆర్ అంటే చదవడానికి మాత్రమే. బీ 4096 అంటే ఆ పాత బోర్డు చెప్పిన అబద్ధాన్నే మనం మళ్లీ చెప్తున్నాం. ఈ కమాండ్ నీ డిస్క్‌ని లూప్ అనే ఉత్తుత్తి డిస్క్‌గా చూపిస్తుంది. ఉబుంటులో స్నాప్‌లు అనే యాప్ ప్యాకేజీలు అప్పటికే చాలా లూప్‌లు పట్టుకుని కూర్చుంటాయి, నీకు లూప్ 17 రావచ్చు 23 రావచ్చు, అది ఏ పేరు చెప్తే దాని చివర పీ1 పెట్టి మౌంట్ కొట్టు, ఆర్ఓ ఆప్షన్‌తో.

మానుకోట_మిర్చి:

మధ్యలో వస్తున్నందుకు సారీ. టెస్ట్‌డిస్క్ వాడొచ్చు కదా? పోయిన పార్టిషన్లను అదే వెతికి పెడుతుంది, నాకు ఒకసారి పని చేసింది.

పాతచింతకాయ:

వాడొచ్చు, మంచి టూల్, ఈఎక్స్‌టీ4 గుర్తులు వెతికి పట్టుకునేదే. కాకపోతే ఇక్కడ పోయినదేదీ లేదు, నంబర్ తెలిసినప్పుడు 4 టీబీ అంతా గాలించడం ఎందుకు. లెక్క తప్పితే అప్పుడు దాని దగ్గరికి పోదాం.

స్టూడియో_హన్మకొండ:

అన్నా, లూప్ 14 వచ్చింది, ఎల్ఎస్‌బీఎల్‌కేలో దాని కింద 3.6 టీ పార్టిషన్ కనిపించగానే లేచి నిలబడ్డా. కానీ మౌంట్ మళ్లీ ఎర్రర్, ఈసారి వేరే మాట, రీడ్ ఓన్లీగా మౌంట్ చేయలేను అంటోంది. టెన్షన్‌తో చేతులు వణుకుతున్నాయి.

పాతచింతకాయ:

టీ తాగిరా. పని నడుస్తుండగా కేబుల్ ఊడిందన్నావు కదా, జర్నల్‌లో, అంటే చేయబోయే మార్పులు ముందు రాసుకునే చోట, సగం రాసిన పద్దులు మిగిలి ఉంటాయి. ఈఎక్స్‌టీ4 మౌంట్ అయ్యే ముందు అవి పూర్తి చేయాలనుకుంటుంది, మనం రాయడానికి వీల్లేకుండా పెట్టాం, అందుకే అలిగింది. ఆర్ఓ పక్కన కామా పెట్టి నోలోడ్ అని కలుపు, జర్నల్ జోలికి పోకుండా మౌంట్ అవుతుంది.

స్టూడియో_హన్మకొండ:

వచ్చిందన్నా!!! ఫోల్డర్లన్నీ ఉన్నాయి. మేడారం తెరిచా, గద్దెల దగ్గర బెల్లం బుట్టలు ఎత్తుకుని తోసుకుంటున్న జనం, వీడియో ఆగకుండా నడుస్తోంది. తలంబ్రాలు కూడా ఉన్నాయి. బామ్మర్దిని క్షమించేశా.

ఇప్పుడు రోజూ ఈ లూప్ తంతు లేకుండా మామూలు డిస్క్‌లా చేసుకోవచ్చా? మొత్తం 2.6 టీబీ ఉంది, కాపీ చేయడానికి అంత పెద్ద డిస్క్ నా దగ్గర లేదు, ఫ్రెండ్ దగ్గర ఒక 1 టీబీ ఉంది.

పాతచింతకాయ:

చేసుకోవచ్చు, ఫార్మాట్ అక్కర్లేదు, టేబుల్ ఒక్కటి తిరగరాస్తే చాలు. ముందు ఆ 1 టీబీ తెచ్చి, డబ్బులు రావాల్సిన పెళ్లిళ్లు, మళ్లీ తీయలేనివి దాంట్లో వేసుకో. అవి అయ్యాకే కింద చెప్పింది. నేను లెక్క ఎంత చూసినా డిస్క్ నీది.

కాపీ అయ్యాక లూప్ పార్టిషన్‌ని అన్‌మౌంట్ చేసి, లోసెటప్ హైఫన్ డీతో లూప్ విప్పెయ్. మర్చిపోతే తర్వాత ఎఫ్‌డిస్క్ డివైస్ బిజీ అని గోల చేస్తుంది. తర్వాత డిస్క్ మొదటి 1 ఎంబీని ఒక ఫైల్‌లో దాచు: డీడీ, ఐఎఫ్ దగ్గర స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీబీ, ఓఎఫ్ దగ్గర నీ హోమ్ ఫోల్డర్‌లో ఒక ఫైల్ పేరు, బీఎస్ 1ఎం, కౌంట్ 1. ఎంటర్ కొట్టే ముందు ఐఎఫ్ ఏదో ఓఎఫ్ ఏదో పైకి చదువు. ఆ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో కూడా వేసుకో. ఏదైనా తేడా వస్తే ఈ 1 ఎంబీ వెనక్కి రాస్తే పాత టేబుల్ వచ్చేస్తుంది.

ఇక లెక్క. స్టార్ట్ 256 ఇంటూ 8, 2048. పొడవు 976754176 ఇంటూ 8, 7814033408. రెండూ కలిపి ఒకటి తీసేస్తే ఎండ్ 7814035455. ఈ సంఖ్య 781 కోట్లు, డాస్ టేబుల్ 429 కోట్ల దగ్గరే ఆగుతుందని చెప్పా కదా, కాబట్టి జీపీటీ తప్పదు. జీపీటీ డిస్క్ ముందు 34 సెక్టార్లు తీసుకుంటుంది, చివర 33 సెక్టార్లలో తన కాపీ పెట్టుకుంటుంది. ముందు నీకు 2048 ఖాళీ. వెనకాల 1712 ఖాళీ, ఎందుకంటే జీపార్టెడ్ చివర్లో సరిగ్గా ఎంబీ దగ్గర కోసింది. నెక్స్ట్ నెక్స్ట్ కొట్టడం ఈ ఒక్కసారి కలిసొచ్చింది. చివరి సెక్టార్ దాకా లాగి ఉంటే జీపీటీ కాపీ వెళ్లి ఫైల్‌సిస్టమ్ తోక మీద కూర్చునేది, ముందు దాన్ని కుదించాల్సి వచ్చేది.

సుడో ఎఫ్‌డిస్క్ స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీబీ. లోపలికి వెళ్లాక జీ, కొత్త జీపీటీ టేబుల్. ఎన్, కొత్త పార్టిషన్, నంబర్ 1, ఫస్ట్ సెక్టార్ 2048, లాస్ట్ సెక్టార్ 7814035455. తర్వాత పీ కొట్టి చూసుకో. డబ్ల్యూ కొట్టేదాకా డిస్క్ మీద ఒక్క బైటూ మారదు, భయమేస్తే క్యూ కొట్టి బయటికి వచ్చెయ్. అందుకే నీకు పార్టెడ్ చెప్పలేదు, అందులో ప్రతి కమాండూ అప్పటికప్పుడే డిస్క్ మీదికి పోతుంది, నాలాంటి లావు వేళ్లవాళ్లకి పనికిరాదు.

స్టూడియో_హన్మకొండ:

అన్నా అర్జెంట్. 310 జీబీ కాపీ అయింది, 1 ఎంబీ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో ఉంది. జీ కొట్టా, ఎన్ కొట్టా, నంబర్లు మూడుసార్లు సరిచూసి ఇచ్చా. లాస్ట్ సెక్టార్ దగ్గర డీఫాల్ట్‌గా కూడా అదే 7814035455 చూపించింది. 3.6 టీబీ పార్టిషన్ తయారైంది అని చెప్పి, వెంటనే ఎర్ర అక్షరాల్లో, పార్టిషన్ 1లో ఈఎక్స్‌టీ4 సిగ్నేచర్ ఉంది, తీసేయమంటావా, ఎస్ ఆర్ నో అని అడుగుతోంది. కర్సర్ మిటకరిస్తోంది. ఏం కొట్టాలి? జవాబు వచ్చేదాకా కీబోర్డ్ ముట్టను.

పాతచింతకాయ:

నో. ఎన్ కొట్టు.

ఆ ప్రశ్న రావడమే శుభవార్త తమ్మీ. నువ్వు చెప్పిన 2048 దగ్గరికి వెళ్లి ఎఫ్‌డిస్క్ తొంగి చూసింది, అక్కడ నిజంగానే ఈఎక్స్‌టీ4 కనిపించింది కాబట్టే అడుగుతోంది. మన లెక్క సరైందని అదే సాక్ష్యం. అసలు ఏమీ అడగకపోయి ఉంటే నేను క్యూ కొట్టమనేవాణ్ని. ఎస్ అంటే డబ్ల్యూ కొట్టినప్పుడు ఆ గుర్తు చెరిపేస్తుంది, కొత్త డిస్క్‌కి అది మంచిదే, నీకు కాదు. ముందే చెప్పాల్సింది, మర్చిపోయా, తప్పు నాది.

ఎన్ తర్వాత పీ, చూసుకుని డబ్ల్యూ. ఆ తర్వాత ఈటూఎఫ్ఎస్‌సీకే హైఫన్ ఎన్‌తో ఎస్‌డీబీ1 చెక్ చెయ్, అది కూడా చదవడమే. జర్నల్ గురించి ఏదో గొణుగుతుంది, పట్టించుకోకు. బ్లాక్ కౌంట్ డివైస్ కంటే ఎక్కువ ఉందని మాత్రం అనకూడదు. అనకపోతే మామూలుగా మౌంట్ చేసెయ్.

స్టూడియో_హన్మకొండ:

ఎన్, పీ, డబ్ల్యూ. మౌంట్ అయింది. ఏ లూప్ లేదు, నోలోడ్ లేదు. రెండు గంటల నుంచి డిస్క్ నుంచే ఎడిటింగ్ చేస్తున్నా, పాత యూఎస్‌బీ కంటే టైమ్‌లైన్ మీద తొందరగా కదులుతోంది, లేదా నా భ్రమ. పెళ్లివాళ్లకి ఫోన్ చేసి ఆదివారం పెన్‌డ్రైవ్ ఇస్తామని చెప్పా. ఇంకో 4 టీబీ ఆర్డర్ కూడా పెట్టేశా, తిట్టకండి.

మానుకోట_మిర్చి:

భలే. ఆన్ చేయగానే మౌంట్ అయ్యేలా ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో పెట్టుకుంటావేమో, ఎస్‌డీబీ1 అని రాయకు, బీఎల్‌కేఐడీ కొట్టి యూయూఐడీ (రీబూట్ అయినా మారని గుర్తింపు నంబర్) తీసుకుని అది రాయి, పక్కన నోఫెయిల్ అని కలుపు. నేను అది పెట్టకుండా ఒకసారి డిస్క్ తీసేసి ఆన్ చేశా, తొంభై సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోయింది, మా షాపులో కంప్యూటర్ చచ్చిపోయిందని ప్రచారం అయింది.

నయీంనగర్_గేమర్:

సారీ స్టూడియో బ్రో, నేను చెప్పింది చేసి ఉంటే నన్ను వెతుక్కుంటూ నయీంనగర్ వచ్చేవాడివి. పెద్దాయనా, ఒక డౌట్. నా దగ్గర పాత డబ్బా ఒకటి ఉంది, 3 టీబీ, అది విప్పితే కూడా ఇట్లనే అవుతుందా? ముందే ఎట్ల తెలుస్తుంది?

పాతచింతకాయ:

విప్పకముందే, యూఎస్‌బీలో పెట్టి ఎల్ఎస్‌బీఎల్‌కేలో లాగ్ హైఫన్ సెక్ కాలమ్ చూడు. 4096 అని ఉంటే విప్పాక చాలామటుకు ఈ కథే, 512 అని ఉంటే ఈ సమస్య రాదు. విండోస్‌లోనే ఎన్‌టీఎఫ్ఎస్ చేసిన డిస్క్ అయితే ఇంకో చిక్కు ఉంది, సెక్టార్ సైజ్ ఆ ఫైల్‌సిస్టమ్ లోపల కూడా రాసి ఉంటుంది, టేబుల్ మార్చినా విండోస్ మొండికేయొచ్చు. అలాంటిదయితే విప్పకముందే కాపీ చేసుకో.

స్టూడియో, నీకు చివరగా ఒకటి. ఈఎక్స్‌టీ4 అలవాటు ప్రకారం 5 శాతం రూట్ (సిస్టమ్ అడ్మిన్) కోసం దాచుకుంటుంది. సిస్టమ్ ఉన్న డిస్క్‌కి అది కావాలి, ఉత్త వీడియోలు పెట్టే డిస్క్‌కి అక్కర్లేదు. 4 టీబీలో 5 శాతం అంటే దాదాపు 200 జీబీ ఊరికే కూర్చుని ఉంది. కొత్త డిస్క్ వచ్చి మొత్తం కాపీ అయ్యాక, డిస్క్ అన్‌మౌంట్ చేసి ఈటూఎఫ్ఎస్‌సీకే హైఫన్ ఎఫ్ ఒకసారి పూర్తిగా నడుపు, తర్వాత ట్యూన్‌టూఎఫ్ఎస్ హైఫన్ ఎం 0.

స్టూడియో_హన్మకొండ:

కొత్త డిస్క్ నిన్న వచ్చింది, రాత్రంతా కాపీ పెట్టి పడుకున్నా. పొద్దున్నే మీరు చెప్పినవి రెండూ చేశా, ఖాళీ ఒక్కసారిగా 186 జీబీ పెరిగింది. ఎల్లుండి పరకాలలో పెళ్లి ఉంది, అది ఇందులోనే పడుతుంది. బామ్మర్దిని కెమెరా వైపే ఉంచుతా, కేబుళ్ల వైపు రానివ్వను.